కణం విద్యార్థి చేతికి అందిన దారి

1976 వేసవిలో అమెరికాలోని కేంబ్రిడ్జ్ నగర మండలి ముందుకు ఎన్నడూ లేని పంచాయితీ ఒకటి వచ్చింది. ఒక జీవి జన్యువును కోసి మరో జీవిలో అతికించే ప్రయోగాల కోసం హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రత్యేక ప్రయోగశాల కట్టదలచుకుంది. ఊరికి దానివల్ల ముప్పు ఉందా లేదా తేల్చడానికి మేయర్ ఆల్ఫ్రెడ్ వెల్లూచీ బహిరంగ విచారణ పెట్టాడు. పేరున్న శాస్త్రవేత్తలను పిలిచి, పరిభాష పక్కన పెట్టి మామూలు మనుషులకు తెలిసేలా చెప్పమన్నాడు. అదే విశ్వవిద్యాలయానికి చెందిన నోబెల్ గ్రహీత జార్జ్ వాల్డ్, జీవశాస్త్రవేత్త రూత్ హబ్బర్డ్ వద్దన్నారు. అక్కడి మరో జీవశాస్త్రవేత్త మార్క్ టాష్ని లాంటివారు భయపడాల్సిందేమీ లేదన్నారు. మండలి ఆ ప్రయోగాలను కొంతకాలం ఆపించి, పౌరులతో ఒక సమీక్షా బృందాన్ని వేసింది. నర్సుగా పనిచేసే ఒక క్రైస్తవ సన్యాసిని, ఇంధన నూనె అమ్ముకునే వ్యాపారి, ఇంకొందరు నెలల తరబడి కూర్చొని జన్యుశాస్త్రం నేర్చుకున్నారు. చివరికి వాళ్లు ఇచ్చిన తీర్పు నిషేధం కాదు, షరతులతో అనుమతి. 1977లో అది నగర శాసనమైంది. ఆ శాసనం కంపెనీలను తరిమేయలేదు. నియమం ఏమిటో స్పష్టంగా తెలిసిన ఊరు కాబట్టి జీవసాంకేతిక పరిశ్రమ తర్వాతి సంవత్సరాల్లో అక్కడే పాతుకుపోయింది.

కేంబ్రిడ్జ్ విచారణకు ముందటి ఏడు ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో సుమారు 140 మంది సమావేశమై ఇవే ప్రయోగాలకు నియమాలు రాసుకున్నారు. చరిత్ర పుస్తకాలు ఆ సమావేశాన్నే ఎక్కువగా తలుచుకుంటాయి. అక్కడ కూర్చున్నవారు దాదాపు అందరూ శాస్త్రవేత్తలే. అందుకే, జన్యువులను కావలసినట్టు కూర్చే సింథటిక్ బయాలజీని నలుగురిలోకి తెచ్చే ప్రయత్నానికి మొదలు ఎక్కడని అడిగితే నేను కేంబ్రిడ్జ్‌నే చూపిస్తాను. ఆ శాస్త్రానికి అప్పటికింకా ఆ పేరు స్థిరపడలేదు, నేర్చుకున్నవారు విద్యార్థులూ కారు. కానీ ఒక నూనె వ్యాపారి జన్యువు గురించి తెలుసుకొని, ప్రశ్నించి, నిర్ణయం చెప్పగలడని అక్కడ రుజువైంది. తర్వాతి యాభై ఏళ్లలో బడిపిల్లల కోసం జరిగిన ప్రయత్నాలన్నిటినీ నేను ఈ కొలతతోనే చూస్తాను. పిల్లలకు ఏం చూపించారన్నది ఒక ప్రశ్న. వాళ్ల చేతికి ఏమిచ్చారు, ఏ నిర్ణయం వాళ్లకు వదిలారు అన్నవి అంతకంటే పెద్ద ప్రశ్నలు.

జన్యువును రసాయనాలతో కొత్తగా నిర్మించవచ్చని మొదట చేసి చూపినవాడు హరగోవింద్ ఖొరానా. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న రాయ్‌పూర్ అనే చిన్న పల్లెలో చెట్టుకింద బడిలో అక్షరాలు దిద్దుకున్న మనిషి. ఆయన బృందం 1970లో ఈస్ట్‌కు చెందిన ఒక జన్యువును, 77 జతల డీఎన్ఏ అక్షరాలను, ఒక్కో ముక్కగా కూర్చి పూర్తిచేసింది. 1976లో, కేంబ్రిడ్జ్‌లో ఆ వాదోపవాదాలు నడుస్తున్న ఏడాదే, అదే ఊళ్లోని ఎంఐటీలో ఆయన కట్టిన మరో జన్యువు బతికిన కణంలో పనిచేసింది. ఊరు భయపడుతున్న శాస్త్రం, ఊరికి రాబోతున్న శాస్త్రం పక్కపక్క వీధుల్లోనే ఉన్నాయన్నమాట.

1980లలో ఈ విద్య బడి వైపు కదిలింది. న్యూయార్క్ దగ్గరి కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాల డేవిడ్ మిక్లోస్ చొరవతో ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టింది. 1988లో పిల్లల కోసం, ప్రజల కోసం డీఎన్ఏ లెర్నింగ్ సెంటర్ తెరిచింది. గాజు వెనక నిలబడి చూసే ప్రదర్శనశాలగా కాక, పిల్లలు పిపెట్ పట్టుకొనే ప్రయోగశాలగా దాన్ని నడపడమే దాని గొప్ప. ఆ తర్వాత బయో-రాడ్ కంపెనీ తరగతి గదుల కోసం పీగ్లో అనే కిట్ తెచ్చింది. అప్పటినుంచీ ఎన్నో దేశాల్లో లెక్కలేనన్ని తరగతి గదుల్లో ఈ ప్రయోగం జరుగుతోంది. దీని దగ్గర కాస్త ఆగాలి. ఒక మంచి ప్రయోగం ఎంత పాఠం చెప్పగలదో ఇందులో కనిపిస్తుంది.

పసిఫిక్ సముద్రపు జెల్లీఫిష్ ఒకదానిలో ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్ ఉంటుంది. ఒసాము షిమొమురా దాన్ని 1962లో వేరుచేశాడు. దానికే 2008లో నోబెల్ వచ్చింది. ఆ ప్రోటీన్ జన్యువును ఒక ప్లాస్మిడ్‌లో, అంటే బాక్టీరియా మోసుకుతిరిగే చిన్న డీఎన్ఏ వలయంలో పెట్టారు. దాని పక్కనే ఆంపిసిలిన్ మందును తట్టుకొనే జన్యువునూ పెట్టారు. విద్యార్థి ఈ.కొలై బాక్టీరియాను మంచులో ఉంచి, ప్లాస్మిడ్ కలిపి, 42 డిగ్రీల వేడినీటిలో 50 సెకన్లు ముంచి మళ్లీ మంచులో పెడతాడు. ఆ వేడి దెబ్బకు కొన్ని కణాలు ప్లాస్మిడ్‌ను లోపలికి తీసుకుంటాయి. మర్నాడు పళ్లేలు తెరిచి చూస్తే ప్లాస్మిడ్ లేని బాక్టీరియా మందు లేని పళ్లెం నిండా పెరిగి ఉంటుంది, మందు ఉన్న పళ్లెంలో ఒక్కటీ ఉండదు. ప్లాస్మిడ్ తీసుకున్నవి మందు ఉన్నా పెరుగుతాయి, కానీ తెల్లగానే ఉంటాయి. అరాబినోస్ అనే చక్కెర కూడా కలిపిన పళ్లెంలో మాత్రమే అవి అతినీలలోహిత కాంతి కింద పచ్చగా వెలుగుతాయి.

ఆ తెల్ల కాలనీలే ఈ ప్రయోగానికి గుండెకాయ. వాటిలోనూ జన్యువు ఉంది, వెలుగు మాత్రం లేదు. జన్యువు ఉండటం ఒకటి, అది పనిచేయడం మరొకటి. ఏ చక్కెర తగిలితే ఏ మీట పడుతుందన్నది కణం చేసే నిర్ణయం. పుస్తకంలో నాలుగు పేజీల్లో చెప్పినా నిలవని ఈ సంగతి రెండు పళ్లేలు పక్కపక్కన పెట్టి చూసిన పిల్లవాడి మనసులో నిలిచిపోతుంది. సింథటిక్ బయాలజీ అంతా ఆ మీటలను మన అవసరానికి అమర్చుకొనే విద్యే.

2000 జనవరిలో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధనలు అచ్చువేసింది. ఒకదానిలో గార్డ్‌నర్, కాంటర్, కాలిన్స్ బాక్టీరియాలో రెండు స్థితుల మధ్య మారే జన్యు స్విచ్చి కట్టారు. రెండోదానిలో ఎలోవిట్జ్, లైబ్లర్ మూడు జన్యువులను ఒకదాన్నొకటి అణచేలా వలయంగా అమర్చి, కణాలను వెలిగి ఆరేలా చేశారు. కణంలో సర్క్యూట్ కట్టవచ్చని తేలడంతో ఎంఐటీలో డ్రూ ఎండీ, కంప్యూటర్ ఇంజినీరు టామ్ నైట్, రాండీ రెట్‌బర్గ్, జెరాల్డ్ సస్మన్ కలిసి ఒక సాహసం చేశారు. 2003 జనవరి సెలవుల్లో విద్యార్థులకు చిన్న కోర్సు పెట్టి, మిణుకుమిణుకుమనే కణాలను మీరే రూపొందించండన్నారు. ఆ నమూనాలు అనుకున్నట్టు పనిచేయలేదు. అయినా కోర్సు ఆగలేదు. 2004 వేసవిలో అది అయిదు విశ్వవిద్యాలయాల పోటీగా మారింది. మరుసటి ఏడు 13 జట్లు వచ్చాయి. ఐజెమ్ పోటీ అలా పుట్టింది. ఒకదానితో ఒకటి అతికేలా ప్రమాణీకరించిన డీఎన్ఏ ముక్కలను, బయోబ్రిక్‌లను, జట్లకు పంపేవారు. వేసవి ముగిసేసరికి జట్లు తాము చేసిన కొత్త ముక్కలను తిరిగి ఆ ఉమ్మడి నిల్వకు ఇచ్చేవి. తీసుకో, వాడుకో, తిరిగి ఇవ్వు అన్న పద్ధతి నాకు ఆ పోటీలోని బహుమతులన్నిటి కంటే విలువైనదిగా కనిపిస్తుంది.

మొదటి మూడేళ్లలో వచ్చిన ఆలోచనలు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. టెక్సస్ విద్యార్థులు, శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు కలిసి బాక్టీరియా పొరను ఫొటో ఫిల్ముగా మార్చారు. వెలుగు పడని చోట అది నల్లబడుతుంది. 2006లో ఎడిన్‌బరో జట్టు తాగునీటిలో ఆర్సెనిక్ ఉంటే తెలిపే బాక్టీరియాను రూపొందించింది, బంగ్లాదేశ్ బావులను తలచుకొని. ఆ ఏడు పెద్ద బహుమతి ఇరవై లక్షల జనాభా ఉన్న స్లొవేనియా విద్యార్థులకు వెళ్లింది. అదే పోటీలో ఎంఐటీ పిల్లలు ఈ.కొలై దుర్వాసన పోగొట్టే పని పెట్టుకున్నారు. కంపు కొట్టే పదార్థం తయారుచేయలేని రకాన్ని ఎంచుకొని, పెటూనియా పువ్వు జన్యువుతో ఒళ్లునొప్పుల బామ్ వాసన, ఈస్ట్ జన్యువుతో అరటిపండు వాసన వచ్చేలా చేశారు. కణాలు చురుగ్గా పెరుగుతున్నప్పుడు బామ్ వాసన, పెరుగుదల ఆగాక అరటిపండు వాసన. కణం ఏ దశలో ఉందో చెప్పడానికి ముక్కు చాలు.

ఈ వాసన ప్రయోగం ఆ విశ్వవిద్యాలయం గోడలు దాటింది. నాటలీ కల్డెల్ అనే ఎంఐటీ అధ్యాపకురాలు దాన్ని హైస్కూలు పాఠంగా మలిచి బయోబిల్డర్ అనే సంస్థ ద్వారా ఉపాధ్యాయులకు అందించింది. 2015లో అది పుస్తకంగానూ వచ్చింది. పిల్లలు వేరువేరు సర్క్యూట్లున్న బాక్టీరియాలను పెంచి, అరటి సారాన్ని కొలబద్దగా పెట్టుకొని వాసన చూసి, ఏ నమూనా మెరుగో తేలుస్తారు. ఇక్కడ ‘జవాబు’ ముందే రాసిలేదు. తరగతి గదిలో ఇంజినీరింగ్ ఆలోచన అంటే అదే. 2005 నవంబరులో నేచర్ పత్రిక ముఖచిత్రం మీద సింథటిక్ బయాలజీ బొమ్మల కథ వచ్చిందన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఈ రంగంలోని వారు పిల్లలతో మాట్లాడటాన్ని చిన్నతనంగా చూడలేదు.

బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో 2007లో మొదలైన కోర్సు ఇంకో మెట్టు పైకెక్కింది. జెఫ్ బూకీ, శ్రీనివాసన్ చంద్రశేఖరన్ తదితరులు డిగ్రీ విద్యార్థులకు నకలు ప్రయోగాలు కాక అసలు పరిశోధనే అప్పగించారు. ఈస్ట్ క్రోమోజోమును ముక్కలు ముక్కలుగా రసాయనికంగా నిర్మించే పని అది. పదుల కొద్దీ విద్యార్థులు తలా కొంత డీఎన్ఏ కూర్చారు. 2014లో సైన్స్ పత్రికలో ఫలితం వెలువడింది: 2,72,871 అక్షరాల పూర్తి క్రోమోజోము, కేంద్రకం ఉన్న కణాలకు సంబంధించి అలాంటిది మొదటిది. ఆ పత్రంలో మొదటి రచయిత పేరు నారాయణ అన్నలూరు. రచయితల వరసలో విద్యార్థుల పేర్లూ ఉన్నాయి.

మన దేశం ఈ కథలోకి తొందరగానే వచ్చింది. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం జట్టు 2006లోనే ఐజెమ్‌కు వెళ్లింది. కానీ నా మనసుకు దగ్గరైంది 2009 నాటి బెంగళూరు జట్టు. అందులోనివారు సైన్సు విద్యార్థులు కారు, ఒక కళా విద్యాలయంలో డిజైన్ చదువుకునే పిల్లలు. వాళ్లు ఎంచుకున్నది తొలకరికి నేల నుంచి లేచే మట్టి వాసన. ఆ వాసనకు మూలం జియోస్మిన్ అనే పదార్థం. నేలలోని స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. ఆ జన్యువును ఈ.కొలైలో పెట్టి, వానలేని రోజున ప్రయోగశాలలో వాన వాసన తెప్పించాలని పూనుకున్నారు. మందో, ఇంధనమో కాదు వాళ్లు కోరింది. ఒక జ్ఞాపకం. ఈ శాస్త్రంతో ఏం చేయాలన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలకు తట్టని జవాబు బొమ్మలు వేసుకునే పిల్లలకు తట్టింది.

ఐజెమ్ జట్లు క్రమంగా మూడు వందలు దాటాయి. 2011లో హైస్కూలు విభాగం వచ్చింది. మీరు చేస్తున్నది ఎవరికి మేలు, ఎవరికి కీడు, వాళ్లను కలిసి అడిగారా అన్న పరిశీలన పోటీలో ముఖ్య భాగమైంది. ఇదంతా మంచే. లోపాలనూ దాచకూడదు. నమోదు రుసుము, ప్రయాణం కలిపితే ఒక జట్టు ఖర్చు పేద దేశాల కళాశాలలకు అందేది కాదు. ఉమ్మడి నిల్వలో చేరిన డీఎన్ఏ ముక్కల్లో సరిగా పరీక్షించనివీ చాలానే ఉన్నాయి. పతకాల కోసం పొరుగు బడికి వెళ్లి ఒక పూట ప్రదర్శన ఇచ్చి, ఫొటో దిగి వచ్చే జట్లూ తయారయ్యాయి. ఆ పూట పాఠం విన్న పిల్లల చేతిలో మర్నాడు ఏమీ మిగలదు.

భయం మాత్రం ఎప్పుడూ వెంటే ఉంది. 2004లో బఫలో నగరంలో హానిలేని బాక్టీరియాతో కళాప్రదర్శన సిద్ధం చేసుకుంటున్న స్టీవ్ కర్ట్జ్ అనే ఆచార్యుడి మీద ఫెడరల్ అధికారులు కేసు పెట్టారు. నాలుగేళ్ల తర్వాత న్యాయమూర్తి దాన్ని కొట్టేశారు. కొన్నేళ్లు గడిచేసరికి ఫెడరల్ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తానే ఐజెమ్ సభలకు వచ్చి విద్యార్థులతో భద్రత గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. 2010లో బ్రూక్లిన్‌లో జెన్‌స్పేస్ అనే సామాజిక ప్రయోగశాల తలుపులు తెరిచింది. భయాన్ని అరెస్టులతో కాక పరిచయంతో ఎదుర్కోవచ్చని తెలుసుకోవడానికి అన్నేళ్లు పట్టింది. అత్యాశ మరో వైపు. 2013లో వీధి దీపాల్లా వెలిగే మొక్కలు ఇస్తామని చెప్పి ఒక బృందం ప్రజల నుంచి 4,84,000 డాలర్లు సేకరించింది. 2017లో చేతులెత్తేసింది. విద్యార్థులకు ఈ శాస్త్రం చెప్పేవారు ఈ రెండు కథలూ చెప్పి తీరాలని నా అభిప్రాయం.

బడికి అసలు అడ్డంకి భయం కంటే వసతి. బతికిన బాక్టీరియా కావాలంటే ఫ్రిజ్, ఇంక్యుబేటర్, శుద్ధిచేసే పరికరాలు కావాలి. జన్యుమార్పిడి జీవులతో పనిచేసే సంస్థకు మన 1989 నియమాల ప్రకారం జీవభద్రతా కమిటీ ఉండాలి. ఐరోపాలోనూ అనుమతులు తప్పనిసరి. దీనికి దారి చూపింది కణం లేని విధానం. కణాన్ని పగలగొట్టి, ప్రోటీన్ తయారుచేసే లోపలి సామగ్రిని మాత్రం తీసి, గడ్డకట్టించి ఆరబెట్టి పొడిగా ఉంచుతారు. అందులో డీఎన్ఏ, కొద్దిగా నీళ్లు పోస్తే చాలు, ఆ పొడి పని మొదలుపెడుతుంది. జీవం లేదు కనుక పెరగదు, తప్పించుకుపోదు. 2018లో ఎంఐటీ, నార్త్‌వెస్టర్న్ పరిశోధకులు ఈ పొడులతో బయోబిట్స్ అనే బడి కిట్లు రూపొందించారు.

ఇది మన గడపదాకా వచ్చే సంగతి. 2012లో యేల్ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ తగిలితే స్పందించే జన్యు మీట ఒకటి బాక్టీరియాలో ఉందని కనుగొన్నారు. దాన్ని ఇలాంటి ఆరిన పొడిలో పెట్టి, నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాములకు పైబడిన ఫ్లోరైడ్‌ను కంటికి కనిపించే మార్పుతో చెప్పే పరీక్షను నార్త్‌వెస్టర్న్ బృందం 2020లో ప్రకటించింది. కోస్టారికాలో దాన్ని పరీక్షించారు. మన ప్రకాశం ప్రాంతంలో ఫ్లోరోసిస్‌ను 1937లోనే గుర్తించారు. ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. కనిగిరి, మర్రిగూడ బడిపిల్లలు తమ బోరునీటిని తామే పరీక్షించుకుంటే వాళ్లకు జన్యు మీట గురించి వేరే పాఠం అక్కర్లేదు.

తెలుగునాట సైన్సును జనంలోకి తీసుకెళ్లిన సంప్రదాయం బలమైనదే. జన విజ్ఞాన వేదిక, పిల్లల కోసం చెకుముకి పత్రిక ఎన్ని ఊళ్లు తిరిగాయో తెలిసిందే. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) ఏటా సెప్టెంబరులో తలుపులు తెరిస్తే బడిపిల్లలు బారులు తీరతారు. ఆ సంస్థను నిలబెట్టిన పుష్ప మిత్ర భార్గవ అణు జీవశాస్త్రాన్ని ఇక్కడ నాటినవాడు. జన్యుమార్పిడి పంటలకు సరైన పరీక్షలు జరగడం లేదని గట్టిగా నిలదీసినవాడూ ఆయనే. ఒకే మనిషిలో ఆ రెండూ ఇమడటం మన విద్యార్థులకు చూపదగిన ఉదాహరణ.

2010 జనవరిలో మనకూ ఒక కేంబ్రిడ్జ్ ఘట్టం వచ్చింది. పురుగును తట్టుకొనేలా జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయ మీద నాటి కేంద్ర మంత్రి జైరాం రమేష్ ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు జరిపారు. అందులో హైదరాబాద్ ఒకటి. ఫిబ్రవరిలో ఆ పంటకు విరామం ప్రకటించారు. ఆ నిర్ణయం తప్పొప్పులు అటుంచితే, రెండు విచారణల మధ్య తేడా ఒకటుంది. అక్కడ పౌరులు నెలల తరబడి నేర్చుకొని తీర్పు చెప్పారు. ఇక్కడ ఒక్కో ఊరికి ఒక్కో పూట, నేర్చుకొనే సమయం లేకుండా, అరుపుల మధ్య గడిచిపోయింది. కొత్త ప్రశ్నలూ వస్తూనే ఉన్నాయి: 2024 డిసెంబరులో 38 మంది శాస్త్రవేత్తలు ప్రకృతిలోని అణువులకు అద్దంలో ప్రతిబింబంలాంటి అణువులతో బాక్టీరియాను తయారుచేయవద్దని హెచ్చరించారు. వారిలో ఆ దిశగా పనిచేసినవారూ ఉన్నారు. ఇలాంటి ప్రశ్నలు ఇక ఆగవు. అదే ఏడు ఆగస్టులో కేంద్రం బయోఈ3 అనే జీవ తయారీ విధానాన్ని ఆమోదించింది. అభిప్రాయం అడిగే రోజుకు ముందే నేర్పడం మొదలుపెట్టాలి.

ఎక్కడ మొదలుపెట్టాలన్నదానికి మనకు వెతుకులాట అక్కర్లేదు. మన ఇంటర్ బైపీసీ విద్యార్థి నీట్ కోసం, బీటీ పంటలో పురుగును చంపే ప్రోటీన్‌కు మూలమైన క్రై జన్యువు పేరును కంఠతా పడతాడు. వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు పిల్లల ఇంటి పొలంలో 2002 తర్వాత అదే జన్యువు పత్తిచేలో పెరుగుతోంది. ఆకు నలిపి ద్రావణంలో కలిపి, అందులో పట్టీ ముంచితే బీటీ ప్రోటీన్ ఉందో లేదో గీత రూపంలో చెప్పే కిట్లను నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ తయారుచేసింది. కల్తీ విత్తనాల బాధ తెలిసిన ఇంట్లో ఆ గీత ఎంత పెద్ద పాఠమో చెప్పనక్కర్లేదు. చాలాకాలం 450 గ్రాముల బీటీ విత్తన సంచితో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం విడిగా ఇచ్చేవారు. చేను చుట్టూ దాన్ని వేస్తే బీటీకి లొంగే పురుగులు కొన్ని బతికి, తట్టుకొనే పురుగులతో జతకట్టి, ఆ తట్టుకొనే గుణం త్వరగా పాకకుండా చూస్తాయి. ఎందుకో ఎవరూ విడమరిచి చెప్పకపోవడంతో చాలామంది రైతులు ఆ పొట్లాన్ని పక్కన పడేశారు. గులాబీ రంగు పురుగు బీటీకి అలవాటు పడింది. ఆ పొట్లం అర్థం ఇంట్లో చెప్పగలిగే పిల్లలు ప్రతి పత్తి ఊళ్లోనూ బైపీసీ చదువుతున్నారు. వాళ్ల పాఠం ఆ విత్తన సంచి దగ్గరే మొదలవ్వాలి.